జబ్బు పేరు తెలియాలంటే ఎన్ని గోదావరులు దాటాలి?

మలికిపురం చుట్టుపక్కల పేటల్లో రక్తపరీక్ష అంటే ఏంటో తెలియని ఇల్లు ఉండదు. కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు వీసా రాకముందు మెడికల్ చేయించుకోవాల్సిందే. అక్కడ తీసిన రక్తంలో ప్రధానంగా వెతికేది హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్ లాంటి అంటువ్యాధుల కోసం. ఎక్స్‌రేలో టీబీ చూస్తారు. ఈ మనిషి వల్ల యజమాని ఇంటికి ఏమైనా ప్రమాదం ఉందా అన్నదే ఆ పరీక్ష అడిగే ప్రశ్న. ఈ మనిషికే ఏమైనా ప్రమాదం ఉందా అని అది అడగదు. అందుకే "ఫిట్" అని కాగితం వచ్చిన మనిషి ఒంట్లో ఏ జబ్బూ లేదని అనుకోవడానికి లేదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగల పరీక్షలు గత ఇరవై ఏళ్లలో చాలా వచ్చాయి. కొన్ని అరుదైన రక్తక్యాన్సర్లను పేరుతో సహా పట్టుకోవడానికి ఇప్పుడు చేతి నుంచి తీసిన నాలుగైదు మిల్లీలీటర్ల రక్తం చాలు. ఎముకలో సూది దించి మూలుగ తీయడం చాలా సందర్భాల్లో ఆ తరువాతి మెట్టు. ఈ పరీక్షలు మలికిపురం దాకా, రాజోలు దాకా, కనీసం అమలాపురం దాకా రావాలని మేం ఎందుకు అడుగుతున్నామో చెప్పడానికే ఈ వ్యాసం. మేం డాక్టర్లం కాదు, పరిశోధక విద్యార్థులం. అయితే ఇది డాక్టర్లు మాత్రమే తేల్చే విషయం కాదు. బడ్జెట్, చట్టం, కులం కలిసి తేల్చే విషయం.

ముందు పరీక్ష సంగతి. 2020లో ముక్కులో పుల్ల పెట్టించుకోని ఊరు లేదు కాబట్టి ఆర్టీ-పీసీఆర్ అన్న మాట అందరికీ తెలుసు. నమూనాలో వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ ఇసుమంత ఉన్నా, దాన్ని డీఎన్‌ఏగా మార్చి, కోట్ల ప్రతులుగా పెంచి, యంత్రానికి కనిపించేలా చేస్తుంది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌ను పట్టేది కూడా ఇదే పద్ధతి. వెతికేది మాత్రం వైరస్‌ను కాదు, మన కణాల్లోనే పుట్టిన ఒక తప్పుడు అతుకును. 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క తెగి ఒకదాని స్థానంలో ఒకటి అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారై, తెల్లరక్తకణాలను ఆపూ అదుపూ లేకుండా పుట్టిస్తుంది. పొట్టిగా కనిపించే ఆ క్రోమోజోమ్‌ను 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ గుర్తించారు. అది రెండు క్రోమోజోమ్‌ల మధ్య జరిగిన మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఒక క్యాన్సర్‌కు ఒక జన్యు గుర్తు ఉంటుందని స్పష్టంగా తేలిన మొదటి సందర్భం ఇదే.

తరువాత మరికొన్ని గుర్తులు దొరికాయి. ఎర్రరక్తకణాలు విపరీతంగా పెరిగి రక్తం చిక్కబడిపోయే పాలీసైథీమియా వెరా అనే జబ్బు ఉంది. అది ఉన్నవాళ్లలో నూటికి తొంభై అయిదు మందికి పైగా జాక్-2 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుందని 2005లో తేలింది. ప్లేట్‌లెట్లు పెరిగే జబ్బులో, మూలుగ నారలా గట్టిపడిపోయే జబ్బులో సగం మందిలో అదే మార్పు ఉంటుంది. మిగిలిన వాళ్లలో చాలామందికి 2013లో కనుక్కున్న కాల్‌ఆర్ మార్పు ఉంటుంది. హెయిరీ సెల్ లుకేమియాకు బ్రాఫ్ మార్పు 2011లోనూ, వాల్డెన్‌స్ట్రామ్ అనే జబ్బుకు మైడ్-88 మార్పు 2012లోనూ బయటపడ్డాయి. పేర్లు నోరు తిరగనివే. కానీ పేరు తేలితే వైద్యం మారిపోతుంది కాబట్టి వాటి సంగతి మనకు కావాలి.

జాక్-2నే తీసుకోండి. ఆ జబ్బుకు మొదటి వైద్యం అప్పుడప్పుడు కొంత రక్తం తీసేయడం, రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ బిళ్ల. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా. ఇవేవీ లక్షల ఖరీదు చేసే మందులు కావు. వీటిని మొదలుపెట్టకపోతే చిక్కబడ్డ రక్తం గడ్డకట్టి, నలభై అయిదేళ్ల మనిషి పక్షవాతంతో మంచాన పడొచ్చు, గుండెపోటుతో పోవచ్చు. పరీక్ష చేయించని ఇంట్లో అది "ఉన్నట్టుండి కాలూ చేయీ పడిపోయింది"గానే మిగిలిపోతుంది. ఆ జబ్బున్నవాళ్లకు స్నానం చేశాక ఒళ్లంతా దురద పుడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న ప్రసిద్ధ లక్షణమే. ముఖం ఎర్రబడుతుందని కూడా అవే పుస్తకాలు చెబుతాయి. ఎండలో పనిచేసే నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు ఎవరికి కనిపిస్తుంది? పాఠం ఏ చర్మాన్ని చూసి రాశారో ఆ చర్మానికే బాగా పనికొస్తుంది.

ఇక క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. మన పెద్దవాళ్లు కడుపులో "బల్ల" పెరిగిందనేవాళ్లు. ఎడమ డొక్కలో ప్లీహం వాచి చేతికి గట్టిగా తగలడం. పూర్వం దానికి మలేరియా ఒక పెద్ద కారణం. ఈ లుకేమియాలోనూ అదే బల్ల పెరుగుతుంది. నీరసం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం కూడా ఉంటాయి. కొబ్బరి దింపుకు, ఒలుపుకు వెళ్లే మనిషికో, రొయ్యల చెరువు దగ్గర రాత్రీపగలూ ఉండే మనిషికో నీరసం ఉందంటే ఎవరు పట్టించుకుంటారు? ఆడవాళ్లయితే "రక్తం తక్కువ" అని ఐరన్ బిళ్లలిచ్చి పంపుతారు. మగవాళ్లయితే "తాగుడు తగ్గించు" అని చెబుతారు. పేట నుంచి వచ్చిన మనిషి అలసటకు కారణం చూసేవాడి మనసులో ముందే సిద్ధంగా ఉంటుంది. కులం వైద్యంలోకి రావడమంటే ముట్టుకోకుండా మందివ్వడం ఒక్కటే కాదు. ఇంకో పరీక్ష రాయాలన్న అనుమానం రాకపోవడం కూడా కులమే.

ఇందులో వయసు సంగతి చాలా ముఖ్యం. అమెరికా, ఐరోపాల్లో ఈ జబ్బు ఎక్కువగా అరవై ఏళ్ల చుట్టుపక్కల బయటపడుతుంది. మన దేశంలోని ఆసుపత్రుల లెక్కల్లో రోగుల వయసు ముప్పై అయిదు, నలభై దగ్గరే ఉంటోంది. అంటే పిల్లలు బడిలో ఉన్న వయసు. గల్ఫ్ అప్పు ఇంకా తీరని వయసు.

"అరుదైన జబ్బు కదా, దానికింత గోలెందుకు" అనే వాళ్లుంటారు. లెక్క చూద్దాం. ఈ ఒక్క లుకేమియా ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుందని అంచనా. సుమారు పదిహేడు లక్షల జనాభా ఉన్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఆ లెక్కన ఏటా సుమారు పదిహేడు నుంచి ముప్పై నాలుగు మంది. ఇప్పుడున్న మందులతో వీళ్లలో ఎక్కువమంది దశాబ్దాలు బతకగలరు. కాబట్టి పదేళ్లలో జిల్లాలో వందల మంది, మూడు నెలలకోసారి పరీక్ష అవసరమైన వాళ్లు ఉంటారు. జాక్-2 జబ్బుల వాళ్లు దీనికి అదనం. ఇక "అరుదు" అన్న మాటకు మన ప్రభుత్వ వ్యవస్థలో ఇంకో ఇబ్బంది ఉంది. జాతీయ అసంక్రమిత వ్యాధుల కార్యక్రమం ఊళ్లలో వెతికేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను. రక్తక్యాన్సర్ ఆ జాబితాలో లేదు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం ప్రధానంగా పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధుల కోసం. అందులోనూ ఇవి లేవు. ఒక జాబితాకు చాలినంత మంది లేరు, ఇంకో జాబితాకు చాలినంత అరుదు కాదు.

మందు మనదే, కాగితం మనది కాదు

ఈ జబ్బు కథలో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన అధ్యాయం ఒకటుంది. బీసీఆర్-ఏబీఎల్ తయారుచేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మందు 2001లో అమెరికాలో అనుమతి పొందింది. నోవార్టిస్ కంపెనీ దాన్ని గ్లివెక్ పేరుతో అమ్మింది. మన దేశంలో నెలకు దాదాపు లక్షా ఇరవై వేల రూపాయలు. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును వీనాట్ పేరుతో తెచ్చింది. అలాంటి జెనరిక్ మందుల ఖర్చు నెలకు ఎనిమిది, పది వేల దగ్గర ఉండేది. 2003లో నోవార్టిస్‌కు ప్రత్యేక మార్కెటింగ్ హక్కులు దక్కడంతో జెనరిక్‌ల మీద కోర్టు కేసులు పడ్డాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ కార్యాలయం నోవార్టిస్ దరఖాస్తును తిరస్కరించింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ధర్మాసనం కూడా కాదంది. పాత మందుకు చిన్న మార్పు చేసి, దాని గుణం పెంచకుండా కొత్త పేటెంట్ అడగడం కుదరదని చెప్పే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి) ఆ తీర్పుకు ఆధారం. ప్రపంచమంతా పేద రోగులు చెప్పుకునే తీర్పు అది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇమాటినిబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఆ కేసు నడుస్తున్నంత కాలం నోవార్టిస్ ఒక మాట గట్టిగా చెప్పింది. భారత్‌లో తమ మందు వాడే వాళ్లలో అత్యధికులకు మాక్స్ ఫౌండేషన్ ద్వారా ఉచితంగానే ఇస్తున్నామని. నిజమే, చాలామందికి ఇచ్చారు. హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల ఆ కార్యక్రమం వల్ల బతికిన వాళ్లున్నారు. కానీ ఆ ఉచిత మందు అందాలంటే మొదట చూపించాల్సింది ఏమిటి? ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉందనో, బీసీఆర్-ఏబీఎల్ ఉందనో నిరూపించే రిపోర్టు. మందు ఉచితం, మందుకు తలుపు తీసే కాగితం ఉచితం కాదు. ధర మీద ఇరవై ఏళ్ల కిందట ఇంత పోరాటం జరిగింది కానీ పరీక్ష మీద జరగలేదు. దళిత, ప్రజారోగ్య ఉద్యమాలు రెండింటి చేతుల్లోనూ ఇది మిగిలిపోయిన పనే.

మందు మొదలుపెట్టాక కూడా కాగితం అవసరం తీరదు. మూడు నెలలకు బీసీఆర్-ఏబీఎల్ పది శాతం లోపుకు, ఆరు నెలలకు ఒక శాతం లోపుకు, ఏడాదికి 0.1 శాతం లోపుకు దిగాలి. దిగకపోతే మందును తట్టుకునే కొత్త మార్పు జన్యువులో వచ్చిందేమో చూసి, డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటి వేరే మందుకు మార్చాలి. చూడకుండా అదే బిళ్ల మింగుతూ కూర్చుంటే ఒకరోజు జబ్బు ముదిరిన దశకు వెళుతుంది. అప్పుడు మందుల ఖర్చు ఎన్నో రెట్లు. ఇంకో వైపు, ఏళ్ల తరబడి గుర్తు దాదాపు కనిపించనంత తగ్గిన వాళ్లలో కొందరు డాక్టరు పర్యవేక్షణలో మందు మానేసి కూడా బాగుండగలరు. ఆ అవకాశం క్రమంగా పరీక్ష చేయించుకున్న వాళ్లకే. చేయించుకోలేని వాళ్లు బతికినంత కాలం బిళ్లలు మింగాలి. లేదా డబ్బు లేక తమంతట తామే మానేయాలి.

మరీ ఘోరమైనది ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. పీఎంఎల్-రారా అనే అతుకు దాని గుర్తు. పళ్ల చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతూ వచ్చిన మనిషి రోజుల్లో చనిపోవచ్చు. అయితే ఆట్రా అనే విటమిన్-ఏ సంబంధిత బిళ్లలు, ఆర్సెనిక్ కలిపి ఇస్తే నూటికి ఎనభై, తొంభై మంది పూర్తిగా నయమయ్యే జబ్బు కూడా ఇదే. అనుమానం రాగానే, రిపోర్టు కోసం ఆగకుండా ఆట్రా మొదలుపెట్టాలన్నది వైద్యంలో స్థిరపడిన నియమం. అనుమానం రావాలంటే స్మియర్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడగలిగిన మనిషి దగ్గర్లో ఉండాలి.

మన దగ్గర్లో ఏముంది? మలికిపురం వసిష్ఠకూ వైనతేయకూ మధ్య ఉన్న లంక భూమి. జబ్బు మనిషిని తీసుకుని ఎటు వెళ్లాలన్నా గోదావరి దాటాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం, దిండి-చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం. లేదా వైనతేయ దాటి అమలాపురం, అక్కడి నుంచి గౌతమి మీద బాలయోగి పేరున్న వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ. లోక్‌సభ స్పీకరైన మొదటి దళితుడు జి.ఎం.సి. బాలయోగి ఈ ప్రాంతం మనిషే. ఆ వంతెనే లేకపోతే కాకినాడ ఇంకెంత దూరమయ్యేదో పాతవాళ్లను అడగండి. కాకినాడ జనరల్ ఆసుపత్రి దాటితే విశాఖ కేజీహెచ్, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఏడాదికి నాలుగుసార్లు, తోడు మనిషితో, రెండేసి రోజుల కూలి వదులుకుని. ప్రైవేటు కలెక్షన్ సెంటర్లో ఇస్తే రక్తం సాధారణంగా హైదరాబాద్ లాంటి నగరంలోని పెద్ద ల్యాబుకు వెళుతుంది. బిల్లు వేల రూపాయల్లో ఉంటుంది.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం పేదవాళ్లకు పెద్ద ఆసరా. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ పథకం ఆలోచనంతా చికిత్స ప్యాకేజీ చుట్టూ అల్లుకున్నది. నెట్‌వర్క్ ఆసుపత్రి ముందస్తు అనుమతి అడగాలంటే జబ్బు పేరు రాయాలి. పేరు లేని నీరసానికి, పేరు లేని బల్లకు ప్యాకేజీ లేదు. నెట్‌వర్క్ ఆసుపత్రి గడప తొక్కే దాకా పథకం మనిషిని చూడదు, చూడాలంటే ఎవరో ఒకరు "ఇది అనుమానించాల్సిన రక్తం" అని చెప్పి పంపాలి. ఆ ఎవరో ఒకరు మలికిపురంలో ఉండాలన్నదే మా వాదన.

బావి మండినప్పుడు

2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాస్ ఎగదన్ని మంటలంటుకున్నాయి. కొబ్బరి చెట్ల మీద కొన్ని రోజుల పాటు ఆ మంట లేచింది. ఊళ్లు ఖాళీ చేయించారు. కోనసీమకు ఇది మొదటిసారి కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ప్రతిసారీ కాలిన చెట్లకు లెక్క కడతారు, ఇళ్లకు లెక్క కడతారు, చనిపోయిన వాళ్లకు పరిహారం ప్రకటిస్తారు. పీల్చిన గాలికి లెక్క లేదు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. మీథేన్ వల్ల లుకేమియా వస్తుందని ఎవరూ చెప్పరు. కానీ చమురు, గ్యాస్ తవ్వే చోట ముడిచమురులోనూ, కండెన్సేట్ ద్రవంలోనూ బెంజీన్ ఉంటుంది. బెంజీన్ మనుషుల్లో లుకేమియా కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి, దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. ఎంత, ఎన్నాళ్లు పీల్చారన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మంట మండుతున్న రోజుల్లోనే గాలిలో కొలవాలి. ఆ దగ్గర పనిచేసిన, బతికిన వాళ్ల మూత్రంలో బెంజీన్ ఆనవాళ్లు కొలవాలి. అవి కొద్ది రోజుల్లో కనుమరుగైపోతాయి. ఆ తరువాత ఎంత వెతికినా దొరకవు.

చాలామంది ఒక ఆశతో ఉంటారు. రక్తంలో గుర్తు దొరికితే కంపెనీ దోషం రుజువైనట్టే కదా అని. కాదు. బీసీఆర్-ఏబీఎల్ అయినా, జాక్-2 అయినా జబ్బు ఏమిటో చెబుతుంది, ఎవరి వల్ల వచ్చిందో చెప్పదు. అదే మార్పు గ్యాస్ బావి ఎన్నడూ చూడని మనిషిలోనూ ఉంటుంది. రేపు ఎవరికైనా జబ్బు వస్తే, కోర్టులో కంపెనీ వకీలు మొదట చెప్పే మాట ఇదే. దానికి ఎదురు నిలబడాలంటే ఒక మనిషి రిపోర్టు చాలదు. ప్రమాదానికి చుట్టూ ఉన్న మొత్తం జనం రక్తం లెక్క మొదటి రోజు నుంచి, ఏళ్ల తరబడి ఉండాలి. అది సాదా సీబీసీ పరీక్షే. తెల్లకణాలు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు. దానికి అణుస్థాయి ల్యాబ్ అవసరం కూడా లేదు.

చట్టం ఎవరిని చూస్తుందో కూడా గమనించాలి. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో బెంజీన్ వల్ల వచ్చే జబ్బు ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో ఉండేది. 1923 నాటి పరిహార చట్టం కూడా దాన్ని వృత్తి వ్యాధుల్లో లెక్కించింది. రెండూ పనివాడి కోసం రాసినవి. బావి పక్క పాకలో ఉండే పనివాడు కాని మనిషికి అవి వర్తించవు. ఇక పనివాళ్లలోనూ కాంట్రాక్టరు కింద రోజుకూలీకి మట్టి ఎత్తిన వాడి పేరు ఏ రిజిస్టర్లో ఉంటుంది? 2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని శాసనసభలో ప్రస్తావన వచ్చాక ప్రభుత్వం వైద్య బృందాలను పంపి ఇంటింటి సర్వే చేయించింది. అంటే చేయదలిస్తే చేయగలరు. ఎమ్మెల్యే సభలో లేచి అడిగితే చేశారు. అమలాపురం పార్లమెంటు స్థానం, రాజోలు, అమలాపురం, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు ఎస్సీ రిజర్వుడు. అడిగే కుర్చీలకు మనకు లోటు లేదు.

మన రక్తం అవసరమైనప్పుడు

దూరం సమస్య అనే వాళ్లకు ఒక విషయం గుర్తుచేయాలి. 2001లో 'జీనోమ్ రీసెర్చ్' పత్రికలో మైకేల్ బామ్‌షాద్ బృందం భారత కులాల పుట్టుక మీద ఒక పరిశోధన అచ్చువేసింది. పై కులాల మగవాళ్ల వంశరేఖ ఐరోపా వాళ్లకు దగ్గరగా ఉందని చెప్పి ప్రపంచమంతా చర్చ లేపిన పత్రమది. అందులో రక్తం ఎవరిది? విశాఖ ప్రాంతపు బ్రాహ్మణులతో, తెలగాలతో పాటు మాల, మాదిగ, రెల్లి కులాల వాళ్లది. ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం వాళ్లు అందులో భాగస్వాములు. కులం గురించి సిద్ధాంతం రాయడానికి పేటల దాకా సిరంజి వచ్చింది, అక్కడి నుంచి రక్తం అమెరికా ల్యాబుల దాకా చెడిపోకుండా వెళ్లింది. ఆ పరిశోధనను మేం తప్పుపట్టడం లేదు. కులం దేవుడు రాసింది కాదని చెప్పడానికి అది మనకూ పనికొచ్చింది. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా పేరుతో పది వేల మంది జన్యు సమాచారాన్ని కేంద్రం పరిశోధకులకు అందుబాటులో పెట్టింది. మంచిదే. 2023లో మొదలైన సికిల్‌సెల్ మిషన్ ఆదివాసీ గూడేల్లో కోట్ల మందికి రక్తపరీక్షలు పెట్టుకుంది. ఇంకా మంచిది. నమూనా తీయడం, చల్లగా ఉంచడం, పంపడం, రిపోర్టు తిరిగి తేవడం ఈ దేశానికి చేతనవును అనడానికి ఇవన్నీ సాక్ష్యాలు.

ఇప్పుడున్న వాటితోనే ఏం చేయొచ్చో చెబుతాం. మొదటిది, రాజోలు ప్రభుత్వాసుపత్రిలోనూ, చుట్టుపక్కల పీహెచ్‌సీల్లోనూ సీబీసీలో తెల్లకణాలు గానీ ప్లేట్‌లెట్లు గానీ హిమోగ్లోబిన్ గానీ విపరీతంగా ఎక్కువొస్తే, లేదా మూడూ ఒకేసారి పడిపోతే, ఆ కాగితం మనిషి చేతిలో పెట్టి పంపేయకూడదు. ఫోన్ చేసి పిలిచి స్మియర్ తీయాలి. దీనికి ఖర్చు దాదాపు లేదు, కావాల్సింది ఒక రాతపూర్వక ఆదేశం, ల్యాబ్ టెక్నీషియన్‌కు, ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు ఒకరోజు శిక్షణ.

రెండోది, టీబీ కోసం జిల్లాల్లో వాడుతున్న సీబీనాట్ యంత్రం. కళ్లె తీసుకుని టీబీ ఉందో లేదో రెండు గంటల్లో చెప్పేది. అదే యంత్రంలో పెట్టి బీసీఆర్-ఏబీఎల్ కొలిచే క్యాట్రిడ్జ్‌ను అదే కంపెనీ తయారుచేస్తోంది. చాలా పేద దేశాల్లో మాక్స్ ఫౌండేషన్ ఆ దారిలోనే వెళుతోంది. అన్ని రకాల అతుకులనూ ఒకే క్యాట్రిడ్జ్ పట్టదు, ఖరీదు బేరమాడాలి, టీబీ పనికి ఆటంకం రాకూడదు. ఇవన్నీ తీర్చుకోగల ఇబ్బందులే. అమెరికాలో సియాటెల్‌కు చెందిన ఫ్రెడ్ హచ్ కేంద్రం రక్తపు చుక్కల్ని కాగితం మీద ఆరబెట్టి పోస్టులో తెప్పించుకుని ఇదే గుర్తును వెతుకుతోంది. మలికిపురంలో పోస్టాఫీసు ఉంది.

మూడోది, కాకినాడ రంగరాయ వైద్య కళాశాల. కోవిడ్ కాలంలో అక్కడి వైరాలజీ ల్యాబులో ఎన్నో ఆర్టీ-పీసీఆర్‌లు చేశారు. ఆ పద్ధతి తెలిసిన మనుషులకు బీసీఆర్-ఏబీఎల్, జాక్-2 నేర్పడం కొత్త ల్యాబు కట్టడం కంటే తేలిక. రక్తం పర్పుల్ మూత గొట్టంలో ఒకటి రెండు రోజుల్లోపు చల్లగా అక్కడికి చేరితే చాలు. మనిషి కదలక్కర్లేదు, గొట్టం కదలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే తన అత్యవసర పరీక్షల జాబితాలో బీసీఆర్-ఏబీఎల్‌ను పెట్టింది కాబట్టి ఇది ఆకాశంలో చుక్కలు అడగడం కాదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న అమలాపురం వైద్య కళాశాల. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో నడపడానికి ఆమోదించింది. ఆ పదిలో అమలాపురం ఉంది, గోదావరి అవతల పాలకొల్లూ ఉంది. మలికిపురానికి రెండు వైపులా ఉన్నవి ఈ రెండే. చర్చంతా సీట్ల చుట్టూ, రిజర్వేషన్ల చుట్టూ నడిచింది. అది న్యాయమైన చర్చే. కానీ పాథాలజీ విభాగం ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా అంతే ముఖ్యం. నెలకు ఇద్దరు ముగ్గురికి మించి కొత్త రోగులు రాని పరీక్ష ఏ ప్రైవేటు భాగస్వామికీ లాభం తేదు. అరుదైన జబ్బుకు ల్యాబు నడపడం అంటే నష్టానికి సిద్ధపడి నడపడం. అది ప్రభుత్వమే చేయగలిగిన పని. ఒప్పందంలో ఏ పరీక్షలు, ఏ ధరకు, రిపోర్టు ఎన్ని రోజుల్లో అన్నది రాతలో లేకపోతే, మన జిల్లాలో వైద్య కళాశాల ఉండి కూడా రక్తం హైదరాబాదే వెళుతుంది. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ పేరు నిలబెట్టుకున్నాం. ఆ పేరున్న జిల్లా ఆసుపత్రిలో ఏముందో అడగడం దాని తరువాతి పని.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం గడువును 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులు ఎస్సీలకు నేరుగా మేలు చేసే పనులకే వాడాలని చట్టం చెబుతోంది. రోగికీ తోడు మనిషికీ దారి ఖర్చు, పోయిన కూలి, కాకినాడకు రోజూ వెళ్లే నమూనా పెట్టె, ఏడాదికి కొన్ని వందల క్యాట్రిడ్జ్‌లు. రోడ్ల కాంట్రాక్టులకు మళ్లించే మొత్తాల పక్కన ఇది చిల్లర. రాజోలు నియోజకవర్గం నుంచి ఈ ప్రతిపాదన ఎస్సీ ఉపప్రణాళిక జిల్లా పర్యవేక్షణ కమిటీకి వెళ్లాలి. దాంతోపాటే ఇరుసుమండ నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలన్నిటికీ, బావి దగ్గర పనిచేసిన కాంట్రాక్టు కూలీలకీ పేరుతో ఒక ఆరోగ్య రిజిస్టరు తెరవాలి. అందులో మొదటి గడి సీబీసీ. ఏడాదికోసారి, కనీసం పదేళ్లు. ఖర్చు ఓఎన్‌జీసీ సామాజిక బాధ్యత నిధుల నుంచి దయగా కాదు, బాధ్యతగా రావాలి. రిజిస్టరు మాత్రం కంపెనీ దగ్గర కాదు, రాజోలు ఆసుపత్రిలో ఉండాలి. ఒక నకలు ప్రతి ఇంటికీ ఇవ్వాలి.